బడి బెంచీల బిల్లు మీ క్రెడిట్ కార్డు మీదెందుకు?

ప్రశ్న: నేను ఆంధ్రప్రదేశ్‌లో 84 మంది పిల్లలున్న మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్‌ని). పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో బడికి 1,75,000 ఇస్తామన్నారు. ఆ మాట మీద నా క్రెడిట్ కార్డుతో టీవీ (48,000), 18 బెంచీలు (72,000), వాటర్ ఫిల్టర్ (22,000), లైబ్రరీ ర్యాకులు, పుస్తకాలు (22,000) కొన్నాను. నా ఖాతాకు వచ్చింది 68,000. కార్డు మీద 96,000 బాకీ, నెలకు 3.5 శాతం వడ్డీ. 4,800 మినిమమ్ కడుతున్నాను. ఫిబ్రవరిలో అమ్మ పడిపోతే కార్డులో లిమిట్ లేక గాజులు 35,000కు తాకట్టు పెట్టాను. నా జీతం చేతికి 54,000, ప్రైవేటు ఉద్యోగం చేసే మా వారిది 18,000. హోమ్ లోన్ 16,000, ఇంటి ఖర్చు 30,000, అమ్మ మందులు 4,000, చీటీ 10,000. చీటీ రెండున్నర లక్షలది, 25 నెలలు. 14 కట్టాను, ఇంకా పాడలేదు. మిగిలేది బడికే పోతోంది. సేవింగ్స్‌లో 11,000 ఉంది. బ్యాంకు 13 శాతానికి 3 లక్షల పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. కార్డు తీర్చి, మిగతాదాంతో బడికి ప్రింటర్, ఇన్వర్టర్ కొనవచ్చా? విరాళాలకు ఇచ్చే 80జి ఆదాయపన్ను మినహాయింపు వస్తుందా?

సమాధానం: లోన్ తీసుకోకండి టీచర్‌గారూ. ఐదేళ్లకు ఈఎంఐ 6,800 దాటుతుంది, వడ్డీయే దాదాపు లక్షా పదివేలు. కార్డు బాకీ తీర్చడానికని తెచ్చి అందులోంచే మళ్లీ ఇన్వర్టర్ కొంటే మీరు అప్పు తీర్చినట్టు కాదు, పెంచినట్టు.

మీరు గమనించారో లేదో, మీ ఉత్తరంలో అసలు విషయం ఫిబ్రవరి నెల. నెలకు 72,000 వచ్చే ఇంట్లో తల్లి ఆస్పత్రికి గాజులు తాకట్టు పెట్టాల్సి వచ్చింది. ఆ రోజు కార్డులో ఉండాల్సిన లిమిట్ బడిలో బెంచీలుగా మారి కూర్చుంది. ఈహెచ్ఎస్ (ఉద్యోగుల ఆరోగ్య పథకం) కార్డు ఉంది కదా అనకండి. నెట్‌వర్క్‌లో లేని ఆస్పత్రికి వెళ్తే ముందు మీరు కట్టాలి. రీయింబర్స్‌మెంట్ బిల్లు పెట్టిన నెలలోనే డబ్బు పడదని మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ మధ్యకాలాన్ని దాటించేది అత్యవసర నిధి ఒక్కటే. ప్రభుత్వోద్యోగం పోదు, ఆ నిధి ప్రైవేటువాళ్లకేగా అని చాలామంది టీచర్లు అనుకుంటారు. మీ వారి ఉద్యోగం ప్రైవేటే. ఆయన జీతం రెండు నెలలు ఆగితే మీ 54,000లో ఇంటి ఖర్చు, ఈఎంఐ, మందులకే 50,000 పోతుంది. చీటీ ఎక్కడినుంచి కడతారు?

మీకు కావాల్సింది ఆరు నెలల ఖర్చు, అంటే 3 లక్షలు. ఉన్నది 11,000.

కార్డు లెక్క చూడండి. 96,000 మీద నెల వడ్డీ 3,360. దానిపై 18 శాతం జీఎస్టీ 605. మీరు కట్టే 4,800లో అసలుకు పోయేది 835 రూపాయలు. బాకీ ఉన్నంతకాలం ఆ కార్డుతో పాల ప్యాకెట్ కొన్నా మొదటి రోజునుంచే వడ్డీ పడుతుంది. కాబట్టి కార్డును ఇవాళే పర్సులోంచి తీసేయండి.

దారి మీ చీటీలోనే ఉంది. వచ్చే పాటలో పాడండి. చేతికి 2,10,000 వచ్చేలా ఆగండి. పోటీ పెరిగి 2,05,000 కంటే దిగితే వదిలేసి మరుసటి నెల చూడండి. 40,000 పోతుందే అని బాధపడకండి. ఇలాగే మినిమమ్ కడుతూ పోతే మిగిలిన 11 నెలల్లో కార్డు వడ్డీయే అంతకంటే ఎక్కువవుతుంది, అదీ 96,000కే. జామీను పత్రాలు, జీతం సర్టిఫికెట్ ముందే సిద్ధం చేసుకోండి. పాట మీకు వచ్చాక డబ్బు ఆగిపోయేది అక్కడే.

వచ్చిన దాంట్లో 96,000 కార్డుకు. సుమారు 37,000తో గాజులు విడిపించండి. మిగిలే 77,000 అదే రోజు ఎఫ్‌డీ చేయండి. మినిమమ్ కట్టే 4,800, బడికి పోతున్న 7,200 కలిస్తే నెలకు 12,000. అందులో వెయ్యి బడికి ఉంచుకోండి, వద్దంటే మీరు ఊరుకోరు కాబట్టి. 11,000 ఆర్డీలో వేయండి. చీటీ అయ్యాక ఆ పదివేలు కూడా ఇందులోకే. 16 నెలల్లో 3 లక్షలు నిండుతాయి. ఈలోపు మీ ఇద్దరి పేరా టర్మ్ జీవిత బీమా పాలసీలు తీసుకోండి. ఏపీజీఎల్ఐ (ప్రభుత్వోద్యోగుల జీవిత బీమా) కింద వచ్చే సొమ్ము హోమ్ లోన్‌కు చాలకపోవచ్చు. మ్యూచువల్ ఫండ్ల సంగతి 16 నెలల తర్వాత.

80జి రాదు. వస్తువుల రూపంలో ఇచ్చినదానికి ఆ మినహాయింపు లేదు. డబ్బుగా ఇచ్చినా 80జి నమోదు ఉన్న సంస్థకే ఇవ్వాలి, అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే.

మీరు అడగని పన్ను ఒకటుంది. బంధువులు కానివాళ్ల నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో ఉచితంగా వచ్చిన సొమ్ము 50,000 దాటితే, దాటిన 18,000 మీదే కాదు, మొత్తం 68,000 మీదా పన్ను పడవచ్చు. అది బడి డబ్బని చూపించాల్సిన భారం మీదే. గ్రూపులో అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లుంటే ఇంకా చిక్కు. భారత పౌరుడైన ఎన్నారై తన సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పౌరసత్వం మారినవాళ్లు పంపితే అవుతుంది, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా సరే. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) ప్రభుత్వోద్యోగిని విదేశీ విరాళం తీసుకోవద్దంటోంది. పైగా అనుమతి లేకుండా చందాలు వసూలు చేయడం 1964 ప్రవర్తనా నియమావళికి విరుద్ధం. ఇప్పటికే అలాంటి సొమ్ము వచ్చి ఉంటే చార్టర్డ్ అకౌంటెంట్‌కు చూపించండి. బిల్లులన్నీ ఒక ఫైల్లో పెట్టి, వస్తువులను స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించి, ఎస్ఎంసీ (పాఠశాల యాజమాన్య కమిటీ) తీర్మానం రాయించి, ఎంఈవోకు (మండల విద్యాధికారికి) రాతపూర్వకంగా తెలియజేయండి.

బడికి డబ్బు చాలడం లేదన్న మాట నిజమే. 31 నుంచి 100 మంది పిల్లలుంటే సమగ్ర శిక్ష పథకం కింద బడి నిర్వహణకు ఇచ్చే కాంపోజిట్ గ్రాంటు ఏడాదికి 25,000. అందులో కనీసం పదోవంతు స్వచ్ఛతకు పోతే, మీ బడిలో ఒక్కో పిల్లవాడికి మిగిలేది 268 రూపాయలు. చాక్‌పీసులు, రిజిస్టర్లు, చిన్న రిపేర్లు అన్నీ అందులోనే. దాతలు కావాలి, కానీ డబ్బు మీ ఖాతా గుండా పోకూడదు. ముందు ఎస్ఎంసీ సమావేశంలో జాబితా తీర్మానించండి. బడి గుర్తింపు సంఖ్య అయిన యూడైస్ కోడ్‌తో, బడులను దాతలతో కలిపే ప్రభుత్వ విద్యాంజలి పోర్టల్‌లో పెట్టించండి. గ్రూపులో "బడికి సాయం చేయండి" అని కాకుండా "ఈ మోడల్ ప్రింటర్, ధర ఇంత, ఈ షాపు" అని రాయండి. దాత నేరుగా షాపుకే కట్టాలి. బిల్లు హెచ్ఎం పేరుమీద, వస్తువు బడికి, రసీదు దాతకు. నగదే ఇస్తామంటే ఎస్ఎంసీ ఖాతాకు వేయమనండి. వాట్సాప్‌లో బొటనవేలు చూసి ఆర్డర్ పెట్టకండి.

జాబితాలో ఏముండాలో కూడా ఆలోచించండి. బ్యాగులు, నోటుపుస్తకాలు, బూట్లు ప్రభుత్వం ఇచ్చే విద్యార్థి మిత్ర కిట్‌లో వస్తాయి, అయినా జూన్‌లో దాతలు తెచ్చేవి అవే. మార్కర్లు, ఏ4 కాగితం, ప్రింటర్ టోనర్ ఎవరూ తేరు, ఎందుకంటే వాటితో ఫొటో బాగా రాదు. ఫిల్టర్ ఇచ్చేవాళ్లను రెండేళ్లపాటు లోపలి క్యాండిల్, మెంబ్రేన్ మార్చే ఖర్చు కూడా అడగండి. లేకపోతే ఏడాది తిరిగేసరికి అది వరండాలో స్టూలు అవుతుంది. టీవీకి స్టెబిలైజర్ పెట్టారో లేదో మీరు రాయలేదు. పల్లె లైన్లలో వోల్టేజీ హెచ్చుతగ్గులకు 48,000 టీవీ బోర్డు కాలితే వారంటీ వర్తించకపోవచ్చు. లేకుంటే ఒక్క స్టెబిలైజర్ కోసమే ఈ వారం ఒక దాతను అడగండి.

గ్రూపులో మిగతా 1,07,000 ఎవరెవరు ఎంతెంత అన్నారో పేరుపేరునా మెసేజ్ పెట్టండి, బిల్లుల ఫొటోలతో. డబ్బు ఎస్ఎంసీ ఖాతాకే. బిల్లులు చూపి అందులోంచి మీకు తిరిగి ఇచ్చే వీలుందేమో ఎంఈవోను అడగండి. వస్తే అది ఇన్వర్టర్‌కు కాదు, ఎఫ్‌డీకి. రాకపోయినా పైన చెప్పిన లెక్కలో ఆ డబ్బును నేను కలపలేదు.