పార్కు దగ్గరే, పట్టాలకి అవతల

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో ఫ్లాట్ కొనాలని రెండు ఏరియాలు చూశాడు. ఏదో యాప్‌లో ఒకదానికి ‘లివబిలిటీ స్కోర్’ పదికి 8.4 ఉంది, రెండోదానికి 6.9. ఎక్కువ మార్కులొచ్చిన చోట వారం రోజులుండి చూశాను. గేటు దాటి కూరగాయలకి వెళ్ళాలంటేనే టెన్షన్. రెండోచోట ప్రాణానికి హాయిగా ఉంది. వాడేమో ‘డేటా అబద్ధం చెబుతుందా అమ్మా’ అంటున్నాడు. ఈ మార్కులు అసలెలా వేస్తారు?
– ఒక రిటైర్డ్ టీచర్, కాకినాడ

జవాబు: టీచరు గారూ, మార్కులు వేయడం మీకు కొత్త కాదు కాబట్టి సూటిగా చెబుతాను. పాతికేళ్ళు కంప్యూటర్లో పటాలు గీసి బతికినదాన్ని. ఇలాంటి మార్కులు నేనూ చాలా వేశాను.

నగరాన్ని గళ్ళుగా విడగొడతాం. ఒక్కో గడి నుంచి బస్టాపు, బడి, ఆస్పత్రి, పార్కు ఎంత దూరమో కొలుస్తాం. ఉపగ్రహ చిత్రాల నుంచి పచ్చదనం లెక్క తీస్తాం. దేనికెన్ని మార్కులో మేమే అనుకుని కూడేస్తాం. తిరకాసంతా ఆ ‘అనుకోవడం’లోనే ఉంది. మెట్రో స్టేషన్‌కి ఎక్కువ వేస్తే మీవాడి ఏరియా గెలుస్తుంది. నీడకీ కూరల బండికీ వేస్తే మీది.

ఇక దూరం. మా ఇంటి గడికి పార్కు మార్కులు పూర్తిగా నేనే వేసుకున్నాను. 280 మీటర్లు! ఇంటికి 300 మీటర్లలోపు పచ్చని చోటుండాలని యూరప్‌లో డబ్ల్యూహెచ్‌ఓ చెప్పింది కదా అని మురిసిపోయాను కూడా. మధ్యలో రైలు పట్టాలున్నాయి. అండర్‌బ్రిడ్జి కిందుగా చుట్టి వెళితే కిలోమీటరున్నర. స్కేలు పెట్టి గీసిన గీత మీద మనుషులు నడవరని నా మోకాళ్ళు చెప్పాకే తెలిసింది. రోడ్డు వెంబడి దూరం కొలిచే పద్ధతీ ఉంది కానీ, దానికి సందుగొందులన్నీ పటంలోకి ఎక్కాలి. అందుకని చాలామంది గీతతో సరిపెట్టేస్తారు.

పచ్చదనం మాటకొస్తే, ఆకు ఎర్రని కాంతిని పీల్చుకుని, కంటికి కనబడని పరారుణ కాంతిని తిప్పికొడుతుంది. ఆ తేడానే ఎన్‌డీవీఐ అనే పచ్చదనం కొలతగా లెక్కకడతాం. ఉచితంగా దొరికే సెంటినెల్-2 అనే యూరప్ ఉపగ్రహాల చిత్రాల్లో ఒక్కో చుక్క 10 మీటర్ల చదరం. అందులో గుర్రపుడెక్క కమ్మేసిన చెరువు కూడా పచ్చగానే మెరుస్తుంది. దోమలు ఉపగ్రహాన్ని కుట్టవుగా! ఎత్తు గోడ వెనక గోల్ఫ్ కోర్సుకీ అవే మార్కులు.

మీకు నచ్చిన ఏరియాకి 6.9 ఎందుకొచ్చిందో కూడా ఊహించగలను. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ లాంటి, జనమే వివరాలు ఎక్కించే పటాల్లో మాల్‌ని ఎవరో ఒకరు గుర్తిస్తారు. మూలమీది కిరాణా కొట్టునీ, పిండిమరనీ ఎవరూ ఎక్కించరు. పటంలో లేనిది మార్కుల్లోనూ లేదు. తలకింత పార్కు స్థలమని చెప్పే లెక్కలకి వాడేదేమో చాలాసార్లు 2011 జనాభా. ఆ తరవాత హైదరాబాద్ పడమర వైపు ఎన్ని టవర్లు లేచాయో మీవాడికి తెలుసు.

అన్నట్టు, నగరాల్లో బతుకు ఎంత సుఖమో కేంద్ర ప్రభుత్వం ర్యాంకులిచ్చిన 2020 ఈజ్ ఆఫ్ లివింగ్ ఇండెక్స్‌లో పది లక్షలలోపు జనాభా ఉన్న నగరాల్లో మీ కాకినాడకి నాలుగో స్థానం. అది విని మీ వీధి కాలవ బాగుపడిందా?

అబ్బాయితో పోట్లాడకండి. ఫోన్లో ‘నడక’ దారి పెట్టించి, రెండు ఇళ్ళ నుంచీ మందుల షాపు, కూరలు, బస్టాపు, గుడి, పార్కు ఎన్నేసి నిమిషాలో రాయండి. తరవాత సాయంత్రం ఆరున్నరకి ఆ దారుల్లో మీరే నడవండి. ఎన్నిచోట్ల ఫుట్‌పాత్ దిగి రోడ్డెక్కాల్సి వచ్చిందో వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి. తిరిగొచ్చేటప్పుడు పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని పలకరించి, 2020 అక్టోబరు వానలకి నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో అడగండి. గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తాడు.