ఎయిర్ పిస్టల్ సర్వీసింగ్ ఇంట్లో ఎంతవరకు: హారికకు పెదనాన్న ఉత్తరం

అమ్మా హారికా,

సెకండ్ హ్యాండ్‌లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ కొన్నావనీ, దాని సర్వీసింగ్ పుస్తకం చూసి ఇంట్లోనే నేర్చుకుంటాననీ రాశావు. తప్పకుండా నేర్చుకో. ముప్పాతిక పని ఇంట్లో అయిపోయేదే. మిగతా పావు వర్క్‌షాపుకి వదిలేయాలి. ఏది ఏదో తేడా తెలియాలి, అంతే.

ముందు పిస్టల్‌కి బిగించే గాలి సిలిండర్ మీద చెక్కిన తేదీ చదువు. 200 బార్ ఒత్తిడి పట్టే సిలిండర్‌కి చాలా కంపెనీలు తయారీ నుంచి 10 ఏళ్లే గడువిస్తాయి. గడువు దాటితే పోటీలో పరికరాల తనిఖీ దగ్గరే అభ్యంతరం చెప్పవచ్చు. ఆ సంగతి అటుంచు, అంత ఒత్తిడిని నీ మణికట్టు పక్కనే పట్టుకుంటావు కదమ్మా, ఇందులో రాజీ వద్దు. పిస్టల్ ఎంత చవగ్గా వచ్చినా సిలిండర్ కొత్తది కొనుక్కో.

పుస్తకమంటే నీ మోడల్ మాన్యువలే. విడిభాగాలన్నీ విడదీసి చూపించే బొమ్మ అందులో ఉంటుంది. దాన్ని ప్రింటు తీసి బల్ల ముందు అంటించుకో. మామూలు పిస్టళ్ల క్లీనింగ్ పుస్తకాలు మందుగుండు తుపాకుల కోసం రాసినవి. వాటిలో చెప్పే సాల్వెంట్లు, ఇత్తడి బ్రష్‌లు దీనికి పనికిరావు. మన పెల్లెట్, అంటే ఇందులో పేల్చే గుండు, మెత్తటి సీసం, బరువు అర గ్రాము, వేగం సెకనుకి 150 మీటర్ల చుట్టుపక్కల. మసి పట్టదు, సీసం పొర మాత్రం నెమ్మదిగా పేరుకుంటుంది.

పనిముట్లు కొంచెమే: 1.5 నుంచి 4 మి.మీ. దాకా మంచి అలెన్ కీలు, సిలికాన్ గ్రీజు చిన్న ట్యూబు, ఫెల్ట్ క్లీనింగ్ పెల్లెట్లు, పాత కాటన్ బట్ట, టూత్‌పిక్‌లు, కంపెనీ ఓ-రింగుల (గాలి కారకుండా ఆపే రబ్బరు రింగుల) సెట్టు. నాసిరకం కీలు కొనకు. స్క్రూ తల లోపలి మూలలు ఒక్కసారి అరిగాయంటే ఆ స్క్రూ ఇక ఊడి రాదు. బల్ల మీద తెల్లటి తువ్వాలు పరుచుకుంటే చిన్న భాగాలు దొర్లిపోవు.

పని మొదలుపెట్టే క్రమం ఎప్పుడూ ఒకటే. బ్రీచ్ (పెల్లెట్ పెట్టే వెనక భాగం) తెరిచి పెల్లెట్ లేదని చూడు. సిలిండర్ విప్పు. విప్పేశాక కూడా లోపల ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటర్‌లో కొంత గాలి మిగిలే ఉంటుంది, చాలామంది మర్చిపోయేది ఇదే. గోడకి ఆనించిన పెల్లెట్ ట్రాప్ (పెల్లెట్లు ఆపే పెట్టె) వైపు గురిపెట్టి, చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఖాళీగా పేల్చు. ఆ తర్వాత బ్యారెల్‌లో, ఖాళీగా ఉందని చూపించే రంగు తీగ, సేఫ్టీ ఫ్లాగ్ పెట్టు.

బ్యారెల్‌ని బ్రీచ్ వైపు నుంచి మూతి వైపుకే శుభ్రం చెయ్యి. సన్నటి నైలాన్ గాలపు తాడుకి బట్ట పీలిక కట్టి లాగితే చాలు. మూతి వైపు నుంచి ఇనప కడ్డీ దూరిస్తే అంచు గీసుకుపోతుంది, పెల్లెట్ బయటికొచ్చేటప్పుడు ఆఖరిగా తాకేది ఆ అంచునే. పీలిక నల్లగా రావడం తగ్గితే ఆపెయ్. నూనె అక్కర్లేదు. వేస్తే తర్వాతి పెల్లెట్లు కొన్ని చెదురుతాయి. మూతి ముందు బిగించి ఉండే కాంపెన్సేటర్ (పేలినప్పుడు కుదుపు తగ్గించే భాగం) విప్పి లోపలి సీసం పొడి కూడా తుడువు. అక్కడ గట్టిపడిన సీసం పెల్లెట్‌కి తగిలితే, కారణం తెలియకుండా పది రావాల్సిన చోట ఎనిమిదీ ఏడూ పాయింట్లు వస్తుంటాయి.

ఇక గాలి లీకు. ఎక్కువమంది కంగారుపడి అనవసరంగా విప్పేది దీనికోసమే. మధ్యాహ్నం 35 డిగ్రీల్లో 200 చూపించిన గేజ్, రాత్రి ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర 193, 194 చూపిస్తుంది. అది లీకు కాదు, గాలి చల్లబడింది. ఒకే ఉష్ణోగ్రతలో రెండుసార్లు చూసి పోల్చుకో. నిజంగా తగ్గుతోందంటే సిలిండర్ విప్పి విడిగా ఒక రాత్రి ఉంచు. విడిగా కూడా తగ్గితే లోపం సిలిండర్ వాల్వులోనో గేజ్‌లోనో ఉంది. దాన్ని విప్పకు, సర్వీసుకి పంపు. విడిగా నిలబడి, బిగించాక తగ్గితే లోపం పిస్టల్ వైపు. అక్కడ ముందు అనుమానించాల్సింది సిలిండర్ కూర్చునే చోటున్న ఓ-రింగ్‌ని. దాన్ని టూత్‌పిక్‌తో తియ్యి. సూదితో తీస్తే గాడి గీసుకుని, కొత్త రింగ్ వేసినా కారుతుంది. కొత్త రింగ్‌కి సిలికాన్ గ్రీజు వేళ్ల మధ్య మెరుపు కనిపించేంత రాస్తే చాలు. హార్డ్‌వేర్ షాపు రింగులు సైజు సరిపోయినా గట్టిదనం సరిపోకపోవచ్చు. మూతిలోంచి సన్నగా బుస వస్తోందంటే ఫైరింగ్ వాల్వు సంగతి, అదీ వర్క్‌షాపు పనే.

కుట్టు మిషను నూనె గాని, మరే పెట్రోలియం నూనె గాని గాలి వెళ్లే దారిలోకి పోనివ్వకు. గాలి నింపేటప్పుడు ఒత్తిడికి వేడెక్కి ఆ నూనె అంటుకునే ప్రమాదముంది. ఇదే కారణంగా ఆక్సిజన్ ఎన్నడూ నింపకూడదు. పొడిగాలి మాత్రమే, వాల్వు మెల్లగా తిప్పుతూ నింపు. హ్యాండ్ పంపు వాడితే అది వేడెక్కినప్పుడు ఆపి, చేరిన తేమను వదిలెయ్. మీ విశాఖ గాలికి ఇది మరీ ముఖ్యం. చెమట చెయ్యి తగిలిన ఉక్కు భాగాల్ని కూడా ఏ రోజుకారోజు తుడువు, ఉప్పు తుప్పు పట్టిస్తుంది.

ట్రిగ్గర్ దగ్గర నిదానం. పోటీకి ట్రిగ్గర్ పేలకుండా కనీసం 500 గ్రాముల బరువు మోయాలి. పెల్లెట్ లేకుండా కాక్ చేసి (పేల్చడానికి సిద్ధంగా బిగించి), బ్యారెల్‌ని నిటారుగా పట్టుకుని, కిరాణా కొట్టు 500 గ్రాముల రాయిని తీగతో ట్రిగ్గర్‌కి తగిలించి మెల్లగా పైకెత్తు. రాయి పైకి లేవకముందే ట్రిగ్గర్ విడిపోతే అది తేలికైపోయినట్టు. ట్రిగ్గర్ బరువు మార్చే స్క్రూని పావు చుట్టు బిగించి మళ్లీ చూడు. తిప్పే ముందు స్క్రూ తల మీద గోళ్లరంగుతో గీత పెట్టుకుంటే వెనక్కి రావడం తేలిక. సియర్ (ట్రిగ్గర్ నొక్కేదాకా పేలకుండా పట్టి ఉంచే కొక్కెం) స్క్రూని మాత్రం ముట్టుకోకు. అది కొంచెం ఎక్కువ తిరిగితే పిస్టల్ కుదుపుకే పేలవచ్చు.

పనయ్యాక సబ్బుతో చేతులు కడుక్కో. సీసం పొడి ఉన్న బట్టల్ని వంటింటికి దూరంగా పెట్టు, చిన్నపిల్లల చేతికి అందనివ్వకు.

వర్క్‌షాపుకి పంపాల్సొస్తే, ఏ ఒత్తిడి దగ్గర ఏం జరుగుతోందో, ఏ పెల్లెట్ వాడుతున్నావో కాగితం మీద రాసి పెట్టెలో పెట్టు. అది చూస్తే వాళ్లు అనవసరంగా అన్నీ విప్పరు. సిలిండర్‌ని మాన్యువల్‌లో చెప్పిన పద్ధతిలో ఖాళీ చేశాకే ప్యాక్ చెయ్యి.

ఆశీస్సులతో,
పెదనాన్న