డాబా మీది స్లైడులో శిలీంధ్ర బీజాలు కనబడకపోవడం గురించి

అయ్యా, అమలాపురం దగ్గరి మీ డాబా పిట్టగోడ మీద వాజ్‌లైన్ పూసిన గాజు స్లైడు ఒక రోజంతా ఉంచితే గడ్డి పుప్పొడే తప్ప శిలీంధ్ర బీజాలు దాదాపు కనబడలేదనీ, అయినా మీ అమ్మాయికి రాత్రిళ్లు తుమ్ములు, పిల్లికూతలు తగ్గడం లేదనీ రాశారు. దీన్నిబట్టి గాలి శుభ్రంగా ఉందని దయచేసి అనుకోవద్దు. వెల్లకిలా ఉంచిన స్లైడు మీద బరువైన రేణువులే ఎక్కువగా రాలతాయి; ఆస్పర్‌జిల్లస్ అనే బూజు బీజం 2 నుంచి 5 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కాబట్టి చాలావరకు గాలివాటున దాటిపోతుంది. ఈ లోపం లేకుండా బ్రిటిష్ శాస్త్రవేత్త హర్స్ట్ 1952లో రూపొందించిన పరికరం నిమిషానికి 10 లీటర్ల గాలిని పీల్చి, గంటకు 2 మిల్లీమీటర్ల చొప్పున కదిలే జిగురు తలం మీద పడేలా చేస్తుంది కనుక, ఏ గంటలో ఏ బీజం ఎగిరిందో తెలుస్తుంది.

అది ఖరీదైనది. మీరు స్లైడును పిట్టగోడ మీద నుంచి తీసి, నాలుగు వైపులా గాలి ఆడే చోట, వాన పడకుండా పైన రేకు అమర్చి, ఉదయం ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ మార్చండి. ఎందుకంటే క్లాడోస్పోరియం, ఆల్టర్నేరియా అనే బూజుల బీజాలు పొడి మధ్యాహ్నాల్లో ఎక్కువగా ఎగిరితే, పుట్టగొడుగుల జాతి బీజాలు తేమ నిండిన రాత్రుల్లో ఎక్కువగా వెలువడతాయి. రెండో స్లైడు అమ్మాయి పడకగదిలో ఉంచండి. చెమ్మ పట్టిన గోడలు, ఇంట్లో నిల్వచేసిన ధాన్యపు బస్తాలు ఉంటే నా మొదటి అనుమానం వాటి మీదే. వాన పడిన రోజులను, కుప్పనూర్పిళ్ల రోజులను విడిగా రాసుకోండి. మీకు వచ్చేది స్లైడు మీద చదరపు సెంటీమీటరుకు ఎన్ని బీజాలు రాలాయన్న లెక్క; దాన్ని ఘనపు మీటరు గాలిలో ఎన్ని ఉన్నాయో చెప్పే లెక్కలతో పోల్చకూడదు. పిల్లికూతల విషయంలో మాత్రం ఈ ఫలితాల కోసం ఆగకుండా, వెంటనే వైద్యునికి చూపించి, అలర్జీ చర్మ పరీక్ష అవసరమేమో అడగండి.