అడవిలో టూరిస్ట్ దారులు డిజైన్ చేసే చదువు ఉందా? అచ్చంపేట నుంచి అడిగిన అమ్మగారికి

అమ్మా, మీ పాప ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, కొండల్లో అడవుల్లో టూరిస్టులకి దారులు డిజైన్ చేసే పని చేస్తానంటోంది, మీవాళ్లేమో అలాంటి ఉద్యోగమే లేదు సీఎస్ఈలో చేర్చమంటున్నారు, ఇంకో కాలేజీవాళ్లు ఎకో టూరిజం బీబీఏ అని లక్షల్లో ఫీజు చెప్తున్నారు, ఏం చేయాలి అని అడిగారు. పని ఉందండీ. కాకపోతే ఆ పేరుతో నోటిఫికేషన్ పడదు, అందుకే ఎవరికీ తెలియదు.

మీ పక్కనే చూడండి. మన్ననూర్ చెక్‌పోస్ట్ దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా శ్రీశైలం బండ్లు ఆపేస్తారు కదా, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో రాత్రిళ్లు జంతువులు రోడ్డు దాటతాయని. ఆ టైమింగ్ కూడా డిజైన్‌లో భాగమే. అవతల ఆంధ్ర వైపు శివరాత్రికీ ఉగాదికీ భక్తులు ఆత్మకూరు దగ్గర వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను మీదుగా నల్లమల లోపల్నుంచే నడిచి శ్రీశైలం పోతారు. పులులుండే అడవి, పైగా ఆకు రాలి ఎండిపోయే టైము, ఒక్క బీడీ ముక్క చాలు అంటుకోడానికి. అలాగని దారి మూసేయలేరు, తరాల నుంచి నడుస్తున్న దారి అది. మరి నీళ్ల ట్యాంకర్ ఎక్కడ పెట్టాలి (జంతువులు తాగే చెలమ పక్కన పెట్టకూడదు), వంటలెక్కడ, మరుగుదొడ్లెక్కడ, ప్లాస్టిక్ ఎవరు మోసుకొస్తారు, చీకటి పడేలోపు జనం ఎక్కడికి చేరాలి, చెంచులకి అందులో పని ఏం దొరుకుతుంది, ఇవన్నీ మ్యాప్ మీద పెట్టి లెక్క తేల్చే మనిషి కావాలి. మీ పాప చేస్తానంటున్న పని ఇదే, దీనికి మనుషులు చాలా తక్కువ.

2023 ఆగస్టులో అలిపిరి మెట్లదారిలో చిరుత చిన్నపిల్లని చంపింది, ఆ తర్వాతే 15 ఏళ్లలోపు పిల్లల్ని మధ్యాహ్నం 2 దాటాక నడకదారిలో పంపకూడదని రూల్ పెట్టారు. అలాంటి రూల్ ముందే రావాలంటే చిరుత ఎక్కడ దారి దాటుతుందో, జంతువు కదలగానే ఫొటో తీసే కెమెరా ట్రాప్‌లతో ముందే తెలిసుండాలి, నాకు బాధ కలిగేది అక్కడే.

ఇక చదువు. ఆ బీబీఏ మాత్రం వద్దండీ, టూర్లు నడపడం నేర్పుతారు గానీ దారి గీయడం నేర్పరు. విజయవాడ ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్)లో బీప్లాన్ (ప్లానింగ్ డిగ్రీ) చూడండి, జేఈఈ మెయిన్ పేపర్ 2బితో వస్తుంది, తర్వాత అక్కడే పీజీలో ఎన్విరాన్‌మెంటల్ ప్లానింగ్ ఉంది. బొమ్మలు బాగా వేస్తుందంటే బీఆర్క్ చేసి ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌కి వెళ్లొచ్చు. రెండూ రాకపోతే సివిల్‌లో చేర్చండి, గేట్ (పీజీ ఎంట్రన్స్) రాసి ప్లానింగ్ పీజీకి రావచ్చు, దారి మూసుకుపోదు.

మొదట్లో ఉద్యోగం ఎక్కువగా కన్సల్టెన్సీల్లో ఉంటుంది, స్వదేశ్ దర్శన్, ప్రసాద్ లాంటి కేంద్ర టూరిజం స్కీములకి డీపీఆర్‌లు (ప్రాజెక్టు పూర్తి వివరాల రిపోర్టులు) రాసే పని, లేదంటే అటవీ శాఖలో కాంట్రాక్టు మీద జీఐఎస్ (కంప్యూటర్లో మ్యాపులు చేసే) పని. జీతం సాఫ్ట్‌వేర్ అంత రాదు, ఇది ముందే తెలిసి దిగాలి. అడవిలో ఆడపిల్ల ఒక్కతే తిరగాలేమో అని భయపడుతున్నారు, ఫీల్డ్‌కి ఒంటరిగా పంపరు, అటవీ శాఖ వాచర్లు తోడుంటారు.

ఇప్పట్నుంచే క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ ఫ్రీగా వేసుకుని నేర్చుకోమనండి. ఈసారి శ్రీశైలం బస్సులో పోయేటప్పుడు మన్ననూర్ నుంచి దోమలపెంట దాకా జనం ఎక్కడ బండి ఆపి కోతులకి తిండి వేస్తున్నారో ఫోన్ జీపీఎస్‌లో గుర్తు పెట్టుకుని ఇంటికొచ్చి మ్యాప్ చేయమనండి, ఆ పనిలో కూడా ఇంట్రెస్ట్ అలాగే ఉంటే ఇంక ఆపొద్దు. జేఈఈ ఫారం నింపేటప్పుడు పేపర్ 2బి విడిగా టిక్ పెట్టాలి, చాలామంది బీటెక్ కోసం ఉండే పేపర్ 1 ఒక్కటే పెట్టి వదిలేస్తున్నారు.