స్వీట్‌మీట్‌లో ‘మీట్’ ఎక్కడిది?

మిఠాయి దుకాణం బోర్డు మీద ‘స్వీట్‌మీట్స్’ అని చూసి, శాకాహారం అమ్మేచోట ఈ మీట్ ఏంటని అడిగారు.

మాంసం ఏమీ లేదు, నిశ్చింతగా తినండి. పాత ఇంగ్లీషులో ‘మీట్’ అంటే తిండి, అది ఏదైనా సరే. మాంసం అని ప్రత్యేకంగా చెప్పాలంటే ‘ఫ్లెష్’ అనేవారు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ ఆదికాండంలో దేవుడు మొక్కల్నీ పండ్లనీ మనుషులకు ‘మీట్’గా ఇస్తాడు. ఆ బైబిల్‌లోనే ‘మీట్ ఆఫరింగ్’ అంటే పిండి, నూనెతో పెట్టే నైవేద్యం! పోనుపోను ఆ మాట మాంసానికే పరిమితమైపోయింది కానీ, స్వీట్‌మీట్ లాంటి జంటపదాల్లో పాత అర్థం అలాగే ఉండిపోయింది. స్వీడిష్ భాషలో దాని చుట్టం ‘మాట్’కి ఇప్పటికీ తిండి అనే అర్థం.

‘డీర్’ సంగతీ ఇంతే, ఇప్పుడు లేడి అనే అర్థం కానీ ఒకప్పుడు ఏ జంతువైనా డీరే. షేక్‌స్పియర్ ‘కింగ్ లియర్’ నాటకంలో ఎలుకల్ని కూడా ‘చిన్న డీర్’ లెక్కలో వేశాడు. తమాషా ఏంటంటే, మన ‘మృగం’ కూడా ఈ రెండు అర్థాలూ మోస్తోంది: మృగరాజు అంటే జంతువులకు రాజైన సింహం, మృగశిర అంటే లేడి తల.