కెరీర్ కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే ఏం జరుగుతుంది?

ప్రశ్న: మాది ధర్మవరం. అమ్మానాన్నలు మగ్గం నేస్తారు. 2021లో బీకామ్ కంప్యూటర్స్ పూర్తి చేశాను. అప్పటి నుంచి అనంతపురంలో హాస్టల్లో ఉంటూ బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను. రెండుసార్లు ప్రిలిమ్స్ దాటి మెయిన్స్‌లో ఆగిపోయాను. ఇప్పుడు నాకు 25 ఏళ్ళు. కోచింగ్‌లో పరిచయమైన ఒక అక్క కెరీర్ కౌన్సెలర్‌ను కలవమని చెప్పింది. ఫోన్ చేస్తే మూడు సెషన్లకు మూడున్నర వేలు అన్నారు. మగ్గం కూలి మీద బతికే మాకు అది చిన్న మొత్తం కాదు. అక్కడ ఏం అడుగుతారు? ఉద్యోగం చూపిస్తారా? నాలుగేళ్ళు వృథా చేశావని తిడతారా? నాన్నను వెంట తీసుకెళ్ళాలా?
ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: అమ్మా, డబ్బు కట్టకముందే ఈ ప్రశ్నలు అడిగి మంచి పని చేశారు. మన దగ్గర 'కౌన్సెలింగ్' అన్న మాట ఎక్కువగా రెండు చోట్ల వినపడుతుంది. ఒకటి సీట్ల కౌన్సెలింగ్. ర్యాంకు కార్డు, సర్టిఫికెట్లు చూపించి ఆప్షన్లు పెట్టుకుంటే, కొన్ని రోజులకు ఏ కాలేజీలో సీటు వచ్చిందో ఫోనుకు మెసేజ్ వస్తుంది. రెండోది పోలీస్ స్టేషన్‌లో జరిగేది. 'యువకులకు సీఐ కౌన్సెలింగ్ ఇచ్చారు' అని పేపర్లో పడిందంటే, గట్టిగా మందలించి పంపారని అందరికీ అర్థమవుతుంది. ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. నా గదిలోకి వచ్చేవాళ్ళలో చాలామంది ఈ రెండింటిలో ఏదో ఒకటి మనసులో పెట్టుకునే తలుపు తీస్తారు. ఉద్యోగం చూపిస్తారా అన్న మీ ప్రశ్నలో మొదటిది ఉంది, తిడతారా అన్న ప్రశ్నలో రెండోది ఉంది. నిజమైన కెరీర్ కౌన్సెలింగ్‌లో ఈ రెండూ ఉండవు.

ఈ వృత్తికి పునాది వేసినవారిలో ముఖ్యులు ఫ్రాంక్ పార్సన్స్. ఆయన 1908లో అమెరికాలోని బోస్టన్ నగరంలో, పని వెతుక్కునే యువతీ యువకుల కోసం ఒక సలహా కార్యాలయం తెరిచారు. మనిషి ముందు తన సంగతి తాను తెలుసుకోవాలి, తర్వాత పనుల సంగతి తెలుసుకోవాలి, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించి నిర్ణయానికి రావాలి అన్నది ఆయన పద్ధతి. తర్వాతి కాలంలో ఎన్ని సిద్ధాంతాలు వచ్చినా, గదిలో జరిగే పని నేటికీ ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది. మూడోదైన నిర్ణయం మీదే. కౌన్సెలర్ మీ తరఫున నిర్ణయం తీసుకోరు, తీసుకోకూడదు.

మొదటి సెషన్ సాధారణంగా ముప్పావు గంట నుంచి గంట వరకు ఉంటుంది. మీ చదువు, ఇంటి పరిస్థితి, ఇప్పటివరకు చేసిన ప్రయత్నాలు, చేతిలో ఉన్న డబ్బు, ఇంకెన్నాళ్ళు ఆగగలరు, ఎక్కడి వరకు వెళ్ళి ఉద్యోగం చేయగలరు అని అడుగుతారు. వీటికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. హైదరాబాద్, బెంగళూరులకు పంపడానికి ఇంట్లో ఒప్పుకోరన్న సంగతి దాచిపెడితే, ఆ తర్వాత జరిగే చర్చంతా పనికిరాకుండా పోతుంది. మార్కుల మెమోలతో పాటు, మీరు రాసిన పరీక్షల స్కోరు కార్డులు కూడా తప్పకుండా తీసుకెళ్ళండి. మీ విషయంలో మెమోల కంటే అవే ఎక్కువ సంగతులు చెబుతాయి. ఎందుకో తర్వాత చెప్తాను.

మొదటి రోజే 'మీరు ఫలానా కోర్సు చేయండి' అన్న మాట వస్తుందని ఆశించకండి. ఒకవేళ వస్తే అనుమానించండి. ఆ మొదటి గంట దేనికో చెప్పడానికి ఒక అబ్బాయి విషయం చెప్తాను. గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను.

కళ్యాణదుర్గం వైపు పల్లె నుంచి తండ్రి వెంట వచ్చాడు. ఎలక్ట్రికల్ డిప్లొమా మధ్యలో ఆపేశాడు, నాలుగు బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయి. మెమోలు, జిరాక్సులు ఉన్న ప్లాస్టిక్ కవరు తండ్రి ఒళ్ళో ఉంది, మాటలూ తండ్రివే. 'వీనికి దేని మీదా ధ్యాస లేదు సార్' అన్నాడాయన. అబ్బాయిని ఏం అడిగినా 'ఏమో సార్' అనే జవాబు. తండ్రిని కాసేపు వరండాలో కూర్చోమని చెప్పి, నిన్న పొద్దున లేచినప్పటి నుంచి ఏం చేశావో చెప్పమన్నాను. త్రీఫేజ్ కరెంటు వచ్చినా బోరు మోటారు ఆన్ కాలేదట. స్టార్టర్ పెట్టె విప్పి చూస్తే కాంటాక్టర్ పాయింట్లు నల్లబడి ఉన్నాయట. గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే పట్టిందట. చెబుతున్నప్పుడు నా బల్ల మీద ఉన్న పెన్ను మూతను పాయింటుగా, తన బొటనవేలిని కాయిలుగా పెట్టి చూపించాడు. అంతవరకు నేల చూపులు చూస్తున్నవాడు అప్పుడు తలెత్తాడు. ఊళ్ళో ఎవరి స్టార్టర్ పాడైనా అతణ్ణే పిలుస్తారన్న సంగతి ఆ తర్వాత బయటపడింది. 'ధ్యాస లేదు' అన్న తండ్రి మాట, ఈ పని రెండూ ఒకే అబ్బాయివి.

అయినా ఆ రోజు నేను ఏ తీర్పూ చెప్పలేదు. రెండు రోజులు ఒక మోటారు వైండింగ్ షాపులో కూర్చుని రమ్మన్నాను. కాలేజీకి వెళ్ళి బ్యాక్‌లాగ్‌లు రాసుకోవడానికి ఇంకెంత గడువు ఉందో కనుక్కోమన్నాను. రెండోసారి వచ్చినప్పుడు, 'వైండింగ్ నాకు పడదు సార్, ఒకచోట కూర్చుని తీగ చుట్టడమే. యాడ పోయిందో కనిపెట్టడం బాగుంటాది' అన్నాడు. తన గురించి తాను తెలుసుకోవడం అంటే ఇంత సన్నని తేడా తెలుసుకోవడం. రెండూ కరెంటు పనులే అయినా, ఒకటి అతని పని కాదు. ఇంటి దగ్గర ఊరికే కూర్చుని ఉంటే అతనికి అది తెలిసేది కాదు. మంచి కౌన్సెలర్ సెషన్‌కూ సెషన్‌కూ మధ్య మీకు ఇలాంటి పని అప్పగిస్తారు. ఫలితంలో సగం పైగా ఆ పని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇక పరీక్షల సంగతి. అన్ని చోట్లా పెట్టరు. పెడితే ఎక్కువగా రెండు రకాలు ఉంటాయి. ఒకటి అభిరుచిని చూసేది. జాన్ హాలండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మనుషుల వృత్తి ఆసక్తులను ఆరు రకాలుగా విభజించారు. పనిముట్లతో చేతులతో చేసే పని, పరిశీలన పరిశోధన, కళ, మనుషులకు బోధించడం సాయపడడం, ఒప్పించడం నడిపించడం, లెక్కలూ రికార్డులూ పద్ధతిగా ఉంచడం. ఇప్పుడు వాడుతున్న అభిరుచి పరీక్షల్లో చాలావాటికి ఇదే ఆధారం. రెండోది సామర్థ్యాన్ని చూసేది, అంటే అంకెలు, తర్కం, భాష, ఆకారాల మధ్య సంబంధాలు ఎంత చురుగ్గా పట్టుకోగలరో కొలిచేది. వీటిలో పాసు, ఫెయిలు ఉండవు. అయితే రెండు జాగ్రత్తలు అవసరం. ప్రశ్నలు ఇంగ్లీషులో ఉండి ఏ మాటైనా అర్థం కాకపోతే మొహమాటపడకుండా తెలుగులో చెప్పమనండి, ఎందుకంటే మాట అర్థం కాకుండా పెట్టిన టిక్కు మీ అభిరుచిని చూపదు. రెండోది, మనిషి తాను చూసిన పనులనే ఇష్టపడగలడు. చిన్నప్పటి నుంచి టీచరును, నర్సును, బ్యాంకు క్లర్కును మాత్రమే చూసిన అమ్మాయి ఆ మూడింటికే టిక్కు పెడుతుంది. కాబట్టి ఇరవై పేజీల రంగుల రిపోర్టు చేతిలో పెట్టి పంపేస్తే కౌన్సెలింగ్ అయిపోయినట్టు కాదు. ఆ రిపోర్టులో ప్రతి ముఖ్యమైన మాటకూ మీ జీవితంలో ఆధారం ఉందా అని మీతో కూర్చుని చర్చించాలి. మీరు కట్టే రుసుము ఆ చర్చ కోసమే.

ఇప్పుడు మీ విషయానికి వస్తాను. బ్యాంకు ఉద్యోగంలో మీకు కావలసింది ఏమిటని కౌన్సెలర్ అడగాలి. లెక్కల పనా, స్థిరమైన జీతమా, ఇంటికి దగ్గరగా ఉండడమా, ఊళ్ళో గౌరవమా? జవాబును బట్టి దారులు మారతాయి. తర్వాత, మీ స్కోరు కార్డులు ముందు పెట్టుకుని చూడాలి. బ్యాంకు నియామకాలకు పరీక్షలు నిర్వహించే సంస్థ ఐబీపీఎస్. దాని పరీక్షల్లో ప్రిలిమ్స్ మార్కులు తుది ఎంపికలో కలవవు. రెండుసార్లు అది దాటారంటే వేగం, పునాది మీకు ఉన్నాయి. మెయిన్స్‌లో ఏ విభాగం వెనక్కి లాగుతోందో కార్డులోనే కనిపిస్తుంది. జనరల్ అవేర్‌నెస్ ఒక్కటే అయితే అది సరిదిద్దుకోగల లోపం. అన్నీ అంచుల్లోనే ఉంటే వేరే మాట. క్లర్కు పోస్టులకు సాధారణ వయోపరిమితి 28, ప్రొబేషనరీ ఆఫీసర్లకు 30. బీసీలు కేంద్ర ఓబీసీ జాబితాలో, నాన్‌క్రీమీలేయర్‌లో ఉంటే మరో మూడేళ్ళ సడలింపు ఉంది. అంటే తలుపు ఇంకా మూసుకుపోలేదు. కానీ ఇంకెన్ని ప్రయత్నాలు, ఆలోగా పక్కన ఏం చేయాలి అన్నది తేదీతో సహా కాగితం మీద రాసుకోవాలి. ఊళ్ళో ఆడిటర్ దగ్గర చేరి జీఎస్టీ రిటర్నులు, టాలీ పని నేర్చుకోవడం, ఐసెట్ రాసి ఎంబీఏ చేయడం, బీకామ్‌లో 55 శాతం దాటి ఉంటే ఫౌండేషన్ అనే తొలి పరీక్ష రాయకుండా నేరుగా సీఏ ఇంటర్మీడియట్‌కు నమోదు కావడం వంటి దారులు ఉన్నాయి. ఒక్కోదానికి ఎంత కాలం, ఎంత ఖర్చు పడుతుందో లెక్క వేసి చూపించే కౌన్సెలర్ మీకు కావాలి. నాలుగేళ్ళు వృథా అన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. రోజూ లెక్కలు, తర్కం సాధన చేసిన నాలుగేళ్ళు అవి.

నాన్నగారిని మొదటి సెషన్‌కు తీసుకెళ్ళకండి. ఆయన మీద గౌరవం లేక కాదు, ఆయన ముందు మీరు చెప్పలేని మాట ఒకటైనా ఉంటుంది. మీరు చెప్పినది మీ అనుమతి లేకుండా ఇంట్లోవాళ్ళకు చెప్పకపోవడం కౌన్సెలర్ బాధ్యత. ఆ సంగతి ముందే అడిగి నిర్ధారించుకోండి. మీ ఆలోచన ఒక రూపానికి వచ్చాక, చివరి సెషన్‌కు ఆయనను పిలవండి. పెళ్ళి గురించి, డబ్బు గురించి ఆయనకున్న బెంగ కూడా లెక్కలోకి రావలసినదే.

ఫీజు కట్టేముందు ఫోన్లోనే మూడు విషయాలు అడగండి. మీ చదువేమిటి? మన దేశంలో డాక్టరుకు, లాయరుకు ఉన్నట్టు కెరీర్ కౌన్సెలర్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. సైకాలజీలో పీజీ, లేదా ఎన్సీఈఆర్టీ ఇచ్చే గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ డిప్లొమా వంటివి ఉంటే నమ్మకం పెరుగుతుంది. ఏదైనా కాలేజీ నుంచి, కోచింగ్ సెంటర్ నుంచి మీకు కమీషన్ వస్తుందా? ఈ ప్రశ్నకు విసుక్కుంటే అక్కడికి వెళ్ళకండి. ఎందుకంటే కౌన్సెలింగ్ పేరుతో అడ్మిషన్లు చేయించే కార్యాలయాలు జిల్లా కేంద్రాల్లో కొన్ని ఉన్నాయి. మొదటి సెషన్‌కు మాత్రమే డబ్బు కట్టి, తర్వాత నిర్ణయించుకోవచ్చా? దీనికి ఒప్పుకుంటే మీ మూడున్నర వేలు ఒకేసారి పోవు.

ఒక్క మాట. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, బతకాలనిపించకపోవడం వంటివి ఉంటే అది కెరీర్ కౌన్సెలర్ పని కాదు. అటువంటప్పుడు ముందు 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వ టెలీమానస్ నంబరు, డబ్బు కట్టనక్కర్లేదు, రాత్రింబవళ్ళు తెలుగులో మాట్లాడవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. వేలిముద్రలు తీసుకుని పిల్లవాడికి ఏ గ్రూపు సరిపోతుందో చెప్తామని కొందరు వచ్చారు. అయిదు వేలు అడుగుతున్నారు. చేయించవచ్చా?
ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: వద్దు. వేలి గీతలు బిడ్డ కడుపులో ఉండగానే ఏర్పడతాయి. వాటికీ, ఎంపీసీ చదవగల శక్తికీ సంబంధం ఉందని ఎవరూ రుజువు చేయలేదు. ఈ పరీక్షకు శాస్త్రీయ ఆధారం లేదని మానసిక వైద్యుల సంఘమైన ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా స్పష్టం చేసింది. తొమ్మిది, పది తరగతుల పిల్లల కోసం ఎన్సీఈఆర్టీ, సీబీఎస్ఈ కలిసి 'తమన్నా' అనే సామర్థ్య పరీక్షను తయారు చేశాయి. అందులో ఏడు రకాల సామర్థ్యాలు చూస్తారు. బడిలో అడిగి చూడండి. అంతకంటే ముందు, ఎంపీసీ, బైపీసీ, సీఈసీ చదువుతున్న ముగ్గురు పిల్లలను ఇంటికి పిలిచి, వాళ్ళ పుస్తకాలను మీ అబ్బాయి చేత ఒక పూట తిప్పించండి. ఏ పుస్తకం దగ్గర ఆగాడో గమనించండి.

ప్రశ్న: డబ్బు పెట్టి వెళ్ళే స్తోమత లేదు. ఉచితంగా ఎక్కడైనా దొరుకుతుందా?
ఒక నిరుద్యోగి, కర్నూలు

జవాబు: దొరుకుతుంది. కేంద్ర కార్మిక శాఖ 2015లో నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌ను ప్రారంభించింది. నమోదుకు రుసుము లేదు. ఉద్యోగాల వివరాలతో పాటు కెరీర్ సలహా కూడా అందులో భాగమే. మీ జిల్లా ఉపాధి కల్పనా కార్యాలయానికి ఆధార్, సర్టిఫికెట్ల నకళ్ళతో ఉదయం పూట స్వయంగా వెళ్ళండి. పేరు నమోదుతో సరిపెట్టకుండా, సలహా కోసం ఎవరిని ఏ రోజు కలవాలో అడిగి రాసుకోండి. మీరు డిగ్రీ చదివిన కాలేజీలో ప్లేస్‌మెంట్ సెల్ ఉంటే పాత విద్యార్థిగా అక్కడా అడగవచ్చు. వెళ్ళేముందు, గత రెండేళ్ళలో మీరు చేసిన ప్రయత్నాలన్నీ, ఎక్కడ ఆగిపోయారో సహా ఒక తెల్ల కాగితం మీద వరుసగా రాసుకోండి. ప్రభుత్వ కార్యాలయంలో మీకు దొరికేది పదిహేను నిమిషాలే కావచ్చు. ఆ కాగితం ఉంటే ఆ కాస్త సమయం మీ చరిత్ర చెప్పడానికే అయిపోదు.