మొత్తం మనిషి తర్వాత, ముందు ఒక్క భుజం చేయండి

మనిషి శిల్పం కోసం ఇనుప తీగతో అస్థిపంజరం కట్టి, పైన చర్మంలా బట్ట తొడిగాను, అయినా బట్టల షాపు బొమ్మలా ఉంది తప్ప శరీరంలా లేదు, ముఖం పెడితే ప్రాణం వస్తుందా అని మీరు అడిగారు. నేనూ మొదట్లో చాలాకాలం అలాగే చేశాను. చిక్కంతా ఒకచోటే ఉంది. బరువు మొత్తం తీగే మోస్తే బట్టకు చేయడానికి పనే ఉండదు. చర్మం సాగుతుంది, వేలాడుతుంది, ఎముక దగ్గర బిగుసుకుంటుంది. బట్టకూ ఆ పని ఇవ్వాలి.

నాకది మా నాన్న పాత చొక్కాతో తెలిసింది. ఆయన ఎడమ భుజం కాస్త వాలి ఉండేది. ఆయన పోయాక ఆ వాలును ఎలాగైనా పట్టుకోవాలనిపించింది. ఈసారి తీగతో మొత్తం గూడు కట్టలేదు. మెడ ఎముక ఉండే చోట రాగి తీగ ఒక వంపు, చేయి మొదలయ్యే చోట ఒక రింగు, అంతే. మధ్యలో అంతా ఖాళీ. చొక్కా భుజం ముక్కను ఆ రెండింటికీ కుట్టి వదిలేశాను. గుడ్డ తనంతట తానే జారి ఆ వాలులోకి వచ్చింది. చాలాసేపు దాని ముందే కూర్చుండిపోయాను.

వాడిన బట్టలో మనిషి మిగిలే ఉంటాడు. ఫ్రెంచ్-అమెరికన్ శిల్పి లూయీస్ బూర్జ్వా చివరి దశలో తను దాచుకున్న బట్టలతోనే శరీరాలు కుట్టింది. ఇక పోలండ్ శిల్పి మగ్దలేనా అబకనోవిచ్ చేసిన వీపుల ఫొటోలు తప్పకుండా చూడండి. 1976 నుంచి 1980 మధ్య ఆమె గోనెగుడ్డ, రెసిన్ (గట్టిపడే జిగురు లాంటిది)తో 80 వీపులు చేసింది. ముందువైపు చూస్తే అవి ఖాళీ డొల్లలు. అయినా వంగి కూర్చున్న మనుషుల్ని చూసినట్టే ఉంటుంది. 2006లో షికాగోలో ఆమె నిలబెట్టిన 106 ఇనుప మనుషుల ఒంటి మీదా చెట్టు బెరడు లాంటి ముడతలే ఉంటాయి.

పనిలోకి వస్తే, ఇనుప తీగ మీద తడి జిగురు పెట్టకండి. నీళ్లు తగిలి తుప్పు పట్టి, మరక బట్ట మీదకు దిగుతుంది. నెల రోజులు చేసిన ఒక నడుము నాకలాగే పాడైంది. తీగకు ముందే వార్నిష్ వేసి బాగా ఆరనివ్వండి, లేదా రాగి వాడండి. రాగి తీగ వంచేకొద్దీ గట్టిపడుతుంది, ఎర్రబడేదాకా కాల్చి చల్లారిస్తే మళ్లీ మెత్తబడుతుంది. బట్టను నిలువు పోగు వెంట కాకుండా క్రాస్‌గా, అంటే ఏటవాలుగా కత్తిరిస్తే, సాగి ఒంపుల మీద ముడత లేకుండా కూర్చుంటుంది. ఎక్కడ ముడత కావాలో అక్కడ మాత్రం నిలువుగానే కోయండి.

ముఖం ఇప్పుడే వద్దు. అది పెట్టగానే చూసేవాళ్ల కళ్లన్నీ అక్కడికే పోతాయి, మీ భుజాన్ని ఎవరూ చూడరు.